మామగారి కారులో ఎడమ సీటు

తాడేపల్లిగూడెం,
కార్తీక సోమవారం.

చిరంజీవి శ్రావ్యకు నాన్న దీవెనలతో రాసేది.

అమ్మలూ, ఇక్కడ నేనూ మీ అమ్మా క్షేమం. మీ తాతయ్యగారి కారు మా ఇద్దరికంటే క్షేమం. నువ్వూ, నీ దగ్గరికి వైద్యానికి వచ్చే జవాన్లూ చల్లగా ఉండాలని రాయబోయి, మీరుండే మంచుకొండ గుర్తొచ్చి ఆగాను. మీరంతా వెచ్చగా ఉండాలని కోరుకుంటున్నాను. ఫోన్ పలకని చోట నీకు పోస్టింగ్ ఇచ్చారని మొదట్లో తిట్టుకున్నాను గానీ, ఇప్పుడు ఉత్తరమే బాగుందనిపిస్తోంది. ఫోన్ అయితే సగంలో మీ అమ్మ లాక్కుంటుంది. ఉత్తరాన్ని లాక్కోదు.

నీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు అడిగావు. తాతయ్యగారి కారు అసలు ఎలా దొరికింది, అంత పాత కారుకు కొత్త ఇంజన్ ఎందుకు అన్నది ఒకటి. మీ అక్షరాలు కాగితం అంచు దాటిపోతున్నాయి నాన్నగారూ, కళ్ళ డాక్టరుకు చూపించుకున్నారా లేదా అన్నది రెండోది. డాక్టరమ్మవి కాబట్టి నీకు రెండో దానికే ముందు జవాబు కావాలి. కానీ రాసేవాణ్ణి నేను కాబట్టి కారు సంగతి ముందు. కళ్ళ సంగతి దాటవేయను. అదీ ఇందులోనే రాస్తాను.

మీ తాతయ్య సత్తిరాజుగారి స్టాండర్డ్ హెరాల్డ్‌ను నువ్వు చూడలేదు. పైన మీగడ రంగు, కింద నీలం. దాని బానెట్ మిగతా కార్లకు మల్లే మూత తెరిచినట్టు తెరుచుకోదు. మడ్‌గార్డులూ దీపాలూ కలిసి ముందు భాగం మొత్తం ముందుకు ఒరిగి లేస్తుంది. అత్తిలిలో ఆయన బానెట్ ఎత్తారంటే చూడటానికి జనం పోగయ్యేవారట. మీ అమ్మకు పదహారేళ్ళప్పుడు కాలవ గట్టు మీద ఆ కారు మీదే డ్రైవింగ్ నేర్పారు. ఆ రోజుల్లో మా వాళ్ళలో ఆడపిల్ల వీధి గుమ్మంలో నిలబడితేనే చెప్పుకునేవారు. ఈవిడ స్టీరింగ్ పట్టుకుందంటే ఇక ఎంత చెప్పుకున్నారో నువ్వే ఊహించుకో.

నేను కొత్త అల్లుడిగా అత్తిలి వెళ్ళినప్పుడల్లా ఆయన కారు వేసుకుని స్టేషన్‌కు వచ్చేవారు. నన్ను ముందు ఎడమ సీట్లో కూర్చోబెట్టేవారు. ఆ సీటు మీద ఇస్త్రీ చేసిన తెల్ల తువ్వాలు పరిచి ఉండేది. మీ అమ్మా, అమ్మమ్మా వెనక. "అల్లుడుగారు ఇటు కూర్చోవాలండీ" అంటూ ఆయనే తలుపు తీసేవారు. ఆ ఇంట్లో నేను పొందిన మర్యాదల్లో నాకు ఎక్కువగా గుర్తున్నది అదే.

తరవాత చేపల చెరువుల రోజులొచ్చాయి. అందరితోపాటు ఆయనా కొల్లేట్లో చెరువు తవ్వించారు. ఒక వానాకాలం కారు చెరువు గట్టు మీద మొరాయించింది. నీళ్ళు తీశాక తెచ్చుకుందామని కాపలావాళ్ళకు అప్పగించి పడవెక్కి వచ్చేశారు. ఆ ఏడాదే ఆయన పోయారు. చెరువు చేతులు మారింది, కాపలావాళ్ళు ఎటో వెళ్ళిపోయారు, కారు ఏ గట్టు మీద ఉందో చెప్పేవాళ్ళు లేకపోయారు. మీ అమ్మ చాలా ఏళ్ళు వెతికి మానేసిందనే అనుకున్నాను. మానలేదు. కొల్లేటి వైపు ఏ పెళ్ళికి వెళ్ళినా ఆవిడ కళ్ళు గట్ల మీదే ఉండేవి.

ఈ ఫాల్గుణంలో పెద్దింట్లమ్మ తల్లి జాతరకు కొల్లేటికోట వెళ్ళాం. మన తెల్ల కారు నేనే నడిపాను. దారి పొడవునా మీ అమ్మ ఒకటే పోరు. ఎడమ పక్క సైకిలండీ, కుడి పక్క గేదెండీ అంటూ. నలభై ఏళ్ళు నడిపినవాడికి డ్రైవింగ్ నేర్పుతోందని విసుక్కున్నాను. తిరిగి వస్తుంటే ఒక లంక ఊరి దగ్గర ఉన్నట్టుండి "ఆపండి" అంది. మళ్ళీ ఏ గేదో అనుకున్నాను. ఆవిడ దిగి, రోడ్డు పక్క పాక వైపు చెప్పులు కూడా వేసుకోకుండా నడిచింది.

పాకలో టార్పాలిన్ కింద కారు. చక్రాలు లేవు, అద్దాలు లేవు, లోపలంతా చేపల మేత బస్తాలు. రంగు చూసి గుర్తుపట్టే స్థితి కాదు. మీ అమ్మ కిటికీలోంచి చెయ్యి పెట్టి, డాష్‌బోర్డు మీద తడిమి, ఒక ఇత్తడి గడియ లాగింది. డాష్‌బోర్డు అర తాళం ఊడిపోతే మీ తాతయ్య ఇంటి తలుపుకు వేసే గడియ తెచ్చి బిగించారట. అలాంటి పని ప్రపంచంలో ఆయన ఒక్కరే చేస్తారని అంటూ అక్కడే నిలబడి ఏడ్చేసింది. మీ తాతయ్య పోయాక మీ అమ్మ నలుగురిలో ఏడవడం నేను చూసింది అప్పుడే.

పాక పెద్దిరాజుది. మీ తాతయ్య కారు అప్పగించింది అతని తండ్రికే. ప్రభుత్వం వాళ్ళు కొల్లేటి చెరువుల గట్లు కొట్టేసిన ఏడాది, గట్టుతో పాటు కారూ పోతుందని ట్రాక్టరు కట్టి ఊళ్ళోకి లాక్కొచ్చుకున్నారట. మాకు ఇచ్చేయమని, ఏం కావాలో చెప్పమని నేను తొందరపడి అడిగాను. పెద్దిరాజు తన భార్య గంగారత్నం వైపు చూశాడు. ఆవిడ మెల్లగానే చెప్పింది.

"అమ్మేది కాదండీ. అంతకుముందు వరదొచ్చిన యేడు ఊరు మునిగితే గట్టు మీద ఈ కారులోనే ఉన్నామండీ. మా జ్యోతి ఇందులోనే పుట్టిందండీ."

ఆ జ్యోతి ఇప్పుడు ఏలూరులో డిగ్రీ చదువుతోంది. నేను ఇంకేదో అనబోతే మీ అమ్మ నా చెయ్యి నొక్కి ఆపింది. కారును ఇన్నాళ్ళు కాపాడినందుకు గంగారత్నానికి దండం పెట్టి వచ్చేసింది. తరవాత వారం వారం బస్సెక్కి ఆ ఊరు వెళ్ళేది. కారు అడిగేది కాదట. గంగారత్నం పక్కన కూర్చుని వల బాగుచేయడం చూస్తూ, కాలవ గట్టు మీద తాను కారు నేర్చుకున్న రోజుల గురించి చెప్పేదట. ఒకరోజు గంగారత్నమే అందట, ఆడపిల్లను అమ్ముకోం గానీ పంపుతాం గదండీ అని.

పంపడమంటే మాటవరసకు అనుకున్నాను. లారీ మీదికి ఎక్కించే ముందు కారుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, లోపల చీర, రవిక, అరటిపళ్ళు, కాజాలు పెట్టారు. అచ్చంగా సారె. ఊళ్ళో ఆడవాళ్ళంతా వచ్చారు. సారెతో వెళ్ళిన పిల్ల మొదటిసారి బయలుదేరితే పుట్టింటికే రావాలి, ఆ మాట తప్పకూడదన్నారు. మీ అమ్మ సరేనంది.

కారును ఏలూరులో వట్లూరు వైపు ఉన్న మెకానిక్ యేసుదాసు షెడ్డుకు చేర్చాం. అక్కడ బయటపడిన విశేషం విను. ఆ ఊళ్ళో ఏటా ఎండాకాలం పడవల అడుగుకు తారు పూస్తారు కదా. పడవతో పాటు కారు అడుగుకూ పూశారట, ఇన్నేళ్ళూ. యేసుదాసు తారు గీకలేక విసుక్కున్నాడు గానీ, కింద రేకు మాత్రం చెక్కుచెదరలేదు. చేసిన పొరపాటల్లా ఒకటే. అంత ప్రేమగా అడుగుకు పూసినవాళ్ళు, పాపం, ఇంజన్‌ను మాత్రం ఎందుకు వదలాలని దానికీ నాలుగు పూతలు పూశారు. అది ఒక నల్లటి బండరాయిలా ఉంది. యేసుదాసు దాన్ని సుత్తితో ఒకసారి తట్టి, తల అడ్డంగా ఊపాడు.

మద్రాసులోనో ఇంకెక్కడో వెతికి అలాంటి పాత ఇంజనే తెచ్చి వేయిద్దామన్నాను. పాత కారు పాత కారులానే ఉండాలని నా వాదన. నువ్వు రాసిందీ అదే కదా. మీ అమ్మ ఒప్పుకోలేదు. విజయవాడ ఆటోనగర్‌లో, వెనక భాగం నుజ్జయిన ఒక వ్యాన్ నుంచి కొత్త రకం ఇంజన్, అయిదు గేర్ల పెట్టె తీయించింది. పాతదానికి రెట్టింపు బలం. అంత బలానికి పాత బ్రేకులు చాలవని ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు వేయించింది. పాత హెరాల్డ్ వెనక చక్రాలు మలుపుల్లో లోపలికి ముడుచుకునేవి, అందుకని వ్యాన్ ఇరుసే సరిచేసి బిగించారు. చేతులకు భారం లేకుండా కరెంటు స్టీరింగ్, సీటు బెల్టులు, ఏసీ. ఇంజన్ మార్పుకు అనుమతి కోసం రవాణా ఆఫీసు చుట్టూ తిరిగిందీ ఆవిడే. ఇవన్నీ నీకెందుకు కాంతం, అరవయ్యో ఏట పందేలకు పోతావా అని అడిగాను. "నాకు హైవే మీద పనుందండీ" అంది. ఏం పనని అడిగితే కాఫీ పెడతానంటూ లేచింది.

ఆవిడ పనితనం గురించి రాయకుండా ఉండలేను. పొద్దున్నే వంట చేసి, రైలెక్కి ఏలూరు వెళ్ళేది. నేను కారులో దింపుతానంటే రైలే సుఖమనేది. షెడ్డులో నీ కాలేజీ రోజుల ట్రాక్ ప్యాంటు వేసుకుని, జుట్టు ముడేసి, కారు కింద దూరేది. మొదటిసారి ఆ వేషంలో చూసి నేను షెడ్డు గుమ్మంలోనే ఆగిపోయాను. కొత్త ఇంజన్‌కు పాత ఛాసిస్ మీద ఎక్కడ పట్టీలు వెల్డింగ్ చేయాలో తేలక యేసుదాసు తల పట్టుకుంటే, ఈవిడ చీరల అట్టపెట్టెలు కత్తిరించి, రవిక కొలతకు కాగితం కోసినట్టు కోసి, ఇంజన్ కింద పెట్టి చూపించింది. ఆ అట్ట ప్రకారమే రేకు కోశారు. మొదటిసారికే అమరింది. ఆ రోజు నుంచి యేసుదాసు ఆవిణ్ణి మేడమ్ అనడం మాని అక్కగారూ అనడం మొదలుపెట్టాడు. తలుపు రబ్బర్ల కోసం మూడు ఊళ్ళు తిరిగింది. పాత హెడ్‌లైట్ల గూళ్ళలోనే కొత్త దీపాలు ఇమిడించారు. ఇత్తడి గడియను చింతపండుతో తోమి మళ్ళీ దాని చోటనే బిగించింది. మేత వాసన మాత్రం పోలేదు. మన వీధి పిల్లులన్నీ ఇప్పుడు ఆ కారు చుట్టూనే ఉంటున్నాయి.

మొన్న శనివారం సాయంత్రం యేసుదాసు కారును ఇంటికి తెచ్చాడు. ఆదివారం కొల్లేరు ప్రయాణం. మీగడ రంగు, నీలం రంగు, మీ తాతయ్య ఉన్నప్పటి లాగే. పొద్దున్న వీధి వీధంతా వచ్చింది. యేసుదాసు తాళం తెచ్చి అందరి ముందూ నా చేతిలో పెట్టి, "రాజుగారూ, మొదట మీ చెయ్యే పడాలండీ" అన్నాడు.

అమ్మలూ, ఇక్కడ ఆగి నీ రెండో ప్రశ్నకు జవాబు రాయాలి. ఉగాది వెళ్ళాక ఒకరోజు ఎరువుల కోసమని చెప్పి ఏలూరు వెళ్ళి కళ్ళు చూపించుకున్నాను. నీటికాసులట, మీ డాక్టర్లు గ్లాకోమా అంటారే అది. పక్కల చూపు చాలా వరకు పోయిందట. ఎదురుగా ఉన్నది బాగానే కనబడుతుంది. అందుకే నాకే తెలియలేదు. పోయింది తిరిగి రాదు, ఉన్నది నిలబడాలంటే రోజూ చుక్కలు వేసుకోవాలి, క్రమం తప్పకుండా విజయవాడ పెద్దాసుపత్రిలో చూపించుకోవాలి, కారు మాత్రం నడపొద్దు అన్నారు. చుక్కల మందు పురుగుమందుల అలమారలో దాచి వేసుకుంటున్నాను. ఎవరికీ చెప్పలేదు. జబ్బుకు భయపడి కాదు. ఊళ్ళో రాజుగారి కారు వస్తోందంటే నేను వస్తున్నానని లెక్క. పక్క సీట్లో కూర్చుని భార్య నడుపుతుంటే వెళ్ళడం నా వల్ల కాదనుకున్నాను. చీకటి పడ్డాక మానేశాను, పొలానికి మాత్రం నడుపుతూనే ఉన్నాను. తప్పే. నువ్వు తిట్టే తిట్లన్నీ నాకు ముందే వినబడుతున్నాయి.

ఇప్పుడు ఆ తాళం నా చేతిలో ఉంది. చుట్టూ జనం. వెళ్ళాల్సింది రెండు పక్కలా చెరువులున్న గట్టు దారి. నడపలేనని చెప్పడానికి నోరు రాలేదు. కాళ్ళు వాటంతట అవే కుడి తలుపు వైపు నడిచాయి. తలుపు మీద చెయ్యి వేశాను.

"ఏవండీ, అటు కాదండీ" అంది మీ అమ్మ.

వెనక్కి తిరిగితే ఎడమ తలుపు తీసి పట్టుకుని ఉంది. సీటు మీద ఇస్త్రీ చేసిన తెల్ల తువ్వాలు పరిచి ఉంది.

"అల్లుడుగారు ఇటు కూర్చోవాలండీ. మా నాన్నగారి కారులో మీ చోటు ఇదే గదా."

అందరూ నవ్వారు. ముచ్చటపడి నవ్విన నవ్వే అది. యేసుదాసు అయితే చప్పట్లు కొట్టాడు. నేను తాళం ఆవిడ చేతిలో పెట్టి, వెళ్ళి నా సీట్లో కూర్చున్నాను. కొత్త అల్లుడిగా కూర్చున్నప్పటి కంటే ఎక్కువ మర్యాదగా అనిపించింది. ఎక్కడా తల దించుకోవాల్సిన పని పడలేదు.

ఆవిడ డ్రైవింగ్ నువ్వు చూసి తీరాలి. భీమడోలు దాటాక రెండు లారీలు పక్కపక్కనే దారికడ్డంగా పోతున్నాయి. నేనైతే హారన్ కొట్టి గోల చేసేవాణ్ణి. ఆవిడ ఓపిగ్గా వెనకే వచ్చి, సందు దొరగ్గానే ఒక గేరు తగ్గించి తొక్కింది. మామగారి కారు ఒక్క ఊపులో లారీలను దాటేసి మళ్ళీ తన వరసలోకి వచ్చేసింది. నేను సీటు పట్టుకున్నాను, ఆవిడ తల కూడా తిప్పలేదు. దెందులూరు దగ్గర ఎవరో కుర్రాళ్ళు మోటారు సైకిలు మీద పక్కకు వచ్చి ఫొటోలు తీసుకున్నారు. నాకు గర్వంగా ఉంది, రాయడానికి సిగ్గెందుకు.

ఏలూరు దాటి కైకలూరు రోడ్డు ఎక్కాం. రెండు పక్కలా నీళ్ళు. "ఎడమ పక్క గూడబాతులండీ, తల తిప్పి చూడండి" అంది. తిప్పాను. తెల్లగా బోలెడు. కాస్త దూరం వెళ్ళాక, "కుడి పక్క పడవలో పిల్లలు చెయ్యి ఊపుతున్నారండీ, మీరూ ఊపండి" అంది. చెయ్యి ఊపుతూ ఉంటే అప్పుడు తట్టింది. జాతర దారిలో సైకిలు, గేదె అన్నది పోరు కాదు. అప్పటికి నేను డాక్టరు ముఖమైనా చూడలేదు.

"నీకెప్పుడు తెలిసింది కాంతం" అని అడిగాను.

"మాఘంలో మీరు గేటు స్తంభానికి కారు రాసినప్పుడండీ. పాలబ్బాయి అడ్డొచ్చాడన్నారు. ఆ రోజు పాలు నేనే వెళ్ళి తెచ్చుకున్నానండీ."

మరి అప్పుడే ఎందుకు అనలేదన్నాను. అంటే మన తెల్ల కారులో పక్కన కూర్చునేవారా అని ఎదురు అడిగింది. కూర్చునేవాణ్ణి కాదు. కారు దొరికిన రోజు పాకలో నిలబడి ఏడ్చింది ఒక్క నాన్న కోసమే కాదట. ఇందులో అయితే ఈయన కూర్చుంటారని అప్పుడే అనుకుందట. ఇంత బలం ఇంజన్ ఎందుకో ఇప్పుడైనా చెప్పమన్నాను. "మీ కళ్ళ కోసం విజయవాడ వెళ్ళి వస్తుండాలి గదండీ. ఆ లారీల మధ్య పాత ఇంజన్‌తో మిమ్మల్ని తీసుకెళ్ళడం నాకు భయమండీ" అంది. నా చుక్కల మందు కూడా పురుగుమందుల అలమారలోంచి తీసి ఫ్రిజ్‌లో పెడతానని, అది అక్కడ ఉండకూడదని, మెత్తగా నాలుగు చివాట్లు పెట్టింది. నేను అరచేత్తో కళ్ళు తుడుచుకున్నాను. ఆవిడ ఇత్తడి గడియ తీసి, డాష్‌బోర్డు అరలోంచి చేతిరుమాలు ఇచ్చింది. అది కూడా ముందే పెట్టుకొచ్చింది.

గంగారత్నం ఊరి మొదట్లోనే హారతి పళ్ళెంతో నిలబడి ఉంది. పుట్టింటికి వచ్చిన కారుకు దిష్టి తీసి, టైర్ల మీద నీళ్ళు పోసింది. పెద్దిరాజు బానెట్ ఎత్తించి చూసి, తారు పూసిన ఇంజన్ ఏదని అడిగితే అందరం పగలబడి నవ్వాం. గంగారత్నాన్నీ జ్యోతినీ ఎక్కించుకుని మీ అమ్మ గట్టు మీద ఒక చుట్టు తిప్పింది. ముందు కూర్చుంటావా అమ్మా అని నేను జ్యోతిని అడిగాను. "వద్దండీ, అది మీ సీటండీ" అని వెనక్కి వెళ్ళి కూర్చుంది. తాను పుట్టింది వెనక సీట్లోనేనట. తడుముకుని చూసుకుంటోంది పిల్ల.

ఇవాళ పొద్దున్న తెల్ల కారు తాళం తెచ్చి మీ అమ్మకు ఇచ్చేశాను. పొలానికి సైకిలు మీద వెళతానంటే అదీ వద్దంది, నడవమంది. నడుస్తున్నాను. గురువారం విజయవాడ ప్రయాణం. డాక్టరు ఏం చెప్పిందీ పూసగుచ్చినట్టు రాస్తాను. దిగులు పడకు. నాకు ఎదురుగా ఉన్నది బాగానే కనబడుతుంది. పక్కన ఉన్నది మీ అమ్మ చెబుతుంది, నేను తల తిప్పుతాను. ఇన్నాళ్ళు తిప్పకపోవడమే నష్టమైంది.

సెలవు దొరకగానే రా. స్టేషన్‌కు మామగారి కారులోనే వస్తాం. నువ్వు డాక్టరువైనా, మేజరువైనా వెనక సీట్లోనే కూర్చోవాలి. ముందు ఎడమ సీటు నాది.

ఇట్లు,
అత్తిలి సత్తిరాజుగారి అల్లుడు,
మీ నాన్న
అబ్బాయిరాజు